ఐదు పాదాల మూసమ్మ

చిక్కడపల్లి
జూన్ 14

చిరంజీవి స్వరూపకు,

నీ ఫోను మీ అత్తమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య హాయిగా పడుకుంది. తాళంచెవి ఎక్కడ దాచిందో నాకు కూడా చెప్పదట. పరీక్ష అయ్యేదాకా నువ్వొచ్చి ఏడ్చినా ఇవ్వొద్దని నువ్వే ఒట్టు వేయించుకున్నావని అంటోంది. సరే, మంచిదే. కానీ చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు పది నిమిషాల నడక. ఆ మాత్రం దూరానికి ఉత్తరాలు రాసుకునే మేనమామా మేనకోడలూ ఈ పట్నంలో మనమిద్దరమే అయి ఉంటాం.

పద్ధతి ఇది. హాస్టల్ తిండితో నీకు కడుపులో మంట అంటున్నావు కాబట్టి మధ్యాహ్నం క్యారియర్ నేను తెచ్చిస్తాను. మీ వార్డెన్ కురుమమ్మ మగవాళ్ళను గేటు దాటనివ్వదు కదా, ఆమె చేతికే ఇస్తాను. పై గిన్నెలో ఉత్తరం ఉంటుంది. ముందురోజు ఖాళీ క్యారియర్‌లో నీ జవాబు పెట్టు. పసుపు మరకలుంటే ఏమీ అనుకోను.

మీ బాపు నిన్న ఫోన్ చేశాడు. "జగదీశా, ఇదే ఆఖరుసారి. మూడేండ్లాయె. ఈసారి గూడ సర్కారు కొలువు రాకుంటె ఇంటికొచ్చి ఈడ ప్రైవేటు బడిల పంతులమ్మగ చేరుతది. నువ్వు గూడ జర సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు. బావ మాటకు నేను ఎదురు చెప్పలేను. చదువు సంగతి నువ్వు చూసుకో. నాకు వేరే దిగులుంది. పోయిన ఆదివారం ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఒక్కసారి కూడా నవ్వలేదు. అత్తమ్మ చారులో ఉప్పు మరిచిపోతే మాట్లాడకుండా తాగేశావు. చిన్నప్పుడు అలాంటి చారు పెడితే ఇల్లు పీకి పందిరేసేదానివి.

అందుకని కింద ఒక పద్యం రాశాను. చదివి నవ్వు. నవ్వకపోతే రేపు కాకరకాయ.

నారాయణగూడలో ఉండే పోచయ్య
గొడుగు వేసుకుని నిద్రపోతాడయ్య
    ఎందుకని అడిగితే
    "కల్లోన కురిసితే
తడిసేది నేనే గదా, నీకేమయ్య?"

నీ మేనమామ
జగదీశ్వర్


అశోక్‌నగర్
జూన్ 15

మామకు స్వరూప దండాలు.

బీరకాయ కూర బాగుంది. అత్తమ్మకు చెప్పు.

పోచయ్య ఎవరు? నీకు ఆఫీసులో తెలిసినవాడా? పైకప్పు కారుతుంటే ఇంటి ఓనరుతో మాట్లాడకుండా గొడుగు పట్టుకుని పడుకోవడమేమిటి? నిన్న రాత్రి దీని గురించి ఆలోచిస్తూ ఆర్థిక సర్వే రెండు పేజీల చదువు పోగొట్టుకున్నాను. నా పక్క మంచం మంజుల చదివి పొర్లి పొర్లి నవ్వింది. నాకు ఎందుకో అర్థం కాలేదు. అందులో ఏమైనా ప్రశ్న వచ్చే అవకాశం ఉందా?

మామా, కోపం తెచ్చుకోకు. నాకు సమయం లేదు. బాపు నీతో అన్నది నాతో కూడా అన్నాడు. బడిలో చేరడం తప్పేమీ కాదు, పిల్లలంటే నాకిష్టమే. కానీ ఓడిపోయి వెళ్ళి చేరాలని లేదు. ఈసారి రావాలి, అంతే.

కాకరకాయ నాకిష్టం, ఆ సంగతి మరిచిపోయినట్టున్నావు.

స్వరూప


చిక్కడపల్లి
జూన్ 17

స్వరూపా,

పోచయ్య ఎవరూ కాదు. ఆయనకు ఓనరూ లేడు, పైకప్పూ లేదు. "గా పోచయ్యకు పెండ్లాం లేదా, గొడుగు గుంజుకుంటలేదా?" అని మీ అత్తమ్మ కూడా అడిగింది. ఆడవాళ్ళకు ఇంటి సంగతులు తప్ప పట్టవని రాద్దామనుకున్నాను, కానీ ఈ ఉత్తరం ఆమె చేతి మీదుగానే క్యారియర్‌లోకి వెళ్తుంది కాబట్టి రాయడం లేదు.

దీన్ని లిమరిక్ అంటారు. రిటైరయ్యాక పట్టుకున్న జబ్బు. చిక్కడపల్లి లైబ్రరీలో దొరికిన ఒక ఇంగ్లిషు పుస్తకం అంటించింది. దాన్ని కూడా నిలబడే చదివాను, ఎందుకంటే కుర్చీలన్నిటి మీదా పొద్దున్నే మీ పోటీ పరీక్షల వాళ్ళ బ్యాగులు కూర్చుని ఉంటాయి. మనుషులు టీ తాగడానికి వెళ్తారు, బ్యాగులు చదువుకుంటాయి.

దీనికి ఐదు పాదాలు. ఒకటి, రెండు, ఐదు పొడుగు, వాటి చివర ఒకే ప్రాస. మూడు, నాలుగు పొట్టివి, వాటికి వేరే ప్రాస. మొదటి పాదంలో ఒక మనిషిని పట్టుకొచ్చి ఏదో ఒక ఊళ్ళో కూర్చోబెడతాం. రెండో పాదంలో ఆ మనిషికి ఒక తిక్క అంటగడతాం. పొట్టి పాదాలు రెండూ పరుగెత్తుతాయి. అప్పుడు ఐదోది కాలు అడ్డం పెడుతుంది. పడిపోయేది చదివేవాడు.

లిమరిక్ అనేది ఐర్లండ్‌లో ఒక ఊరి పేరు. పద్యం అక్కడే పుట్టిందా అంటే రూఢిగా చెప్పగలవాళ్ళు లేరు. విందుల్లో ఒక్కొక్కరూ అప్పటికప్పుడు ఒక పద్యం కట్టేవారట, కట్టగానే తక్కినవాళ్ళంతా "లిమరిక్‌కు వస్తావా" అని పల్లవి అందుకునేవారట. ఆ పల్లవిలోని ఊరే పద్యానికి పేరైందని ఒక మాట ఉంది. పద్యం మాత్రం ఆ పేరుకంటే పాతది. ఇంగ్లండులో పిల్లల కోసం బొమ్మలతో వచ్చిన ఒక పుస్తకం వల్ల ఇంటింటికీ పాకింది, అప్పటికి దానికి ఈ పేరు లేనేలేదు. అంటే బిడ్డ పెరిగి పెద్దయ్యాక నామకరణం చేశారన్నమాట. మన గల్లీలో పుట్టి ఉంటే దాన్నిప్పుడు లోకమంతా చిక్కడపల్లి అని పిలిచేది.

ఇందులో అర్థం వెతకకూడదు. అదే దీని గొప్ప. నీలాగా ప్రతి వాక్యం కింద గీత గీసేవాళ్ళకు ఇది మందు.

మామ


అశోక్‌నగర్
జూన్ 20

మామా,

ఒక వింత జరిగింది. మూడు రోజులుగా రాజ్యాంగ సవరణలు ఎంత చదివినా తలకెక్కడం లేదు, పోచయ్య మాత్రం వద్దన్నా వస్తున్నాడు. స్నానం చేస్తుంటే పోచయ్య, నారాయణగూడలో కోచింగ్ సెంటరు మెట్లెక్కుతుంటే పోచయ్య. అప్పుడు నాకు వెలిగింది. ప్రాస ఉన్నది మరిచిపోలేం.

కాబట్టి నాకు పాఠాల మీద రాసివ్వు. రోజుకొకటి చాలు. ముందు తెలంగాణ నదులు కావాలి, మొన్నటి పరీక్షలో నదుల దగ్గరే మార్కులు పోయాయి. మంజులకు చెబితే ఎగిరి గంతేసింది. వచ్చినవి వచ్చినట్టు గోడకు అంటిద్దామని తీర్మానించాం. పై అంతస్తు అమ్మాయిలు కూడా వచ్చి చూసుకుంటామన్నారు.

నీ జబ్బు మాకు పనికొస్తుందని ఎవరనుకున్నారు?

స్వరూప


చిక్కడపల్లి
జూన్ 22

బంగారు తల్లీ,

నీ ఉత్తరం మీ అత్తమ్మకు చదివి వినిపించాను. "పిల్ల నవ్వుతున్నది, ఇంకేం గావాలె" అంది. నిన్న గేటు దగ్గర మీ మంజుల కనిపించి, "అంకుల్, మా రూములోల్లంత మీ ఫ్యాన్సే" అంది. ఇంతకాలం ఆఫీసులో నేను రాసిన నోట్ మీద "మాట్లాడండి" అని తప్ప ఎవరూ ఏమీ రాయలేదు. ఇప్పుడు నాకు గోడే దొరికింది. వెంటనే కొత్త పెన్ను కొన్నాను.

ఇదిగో మూసీ. ఆవిడ నీకు తెలిసినావిడే.

అనంతగిరి కొండల్లోని మూసమ్మ ఓసారి
పట్నం చూద్దామని పట్టింది దారి
    నాగోలు దాటింది
    నాలుగూళ్ళ చాటింది
"ఇక నన్ను వెతకొద్దు, నా ఇల్లు గోదారి"

ఇది రాసినప్పుడు నేనే పడీ పడీ నవ్వుకున్నాను. మంజీర మీద ఒకటి, ఆమ్రపాలి మామిడి మీద ఒకటి వెనక పేజీలో ఉన్నాయి. మామిడి సిలబస్‌లో లేదని నాకు తెలుసు. నాకు ఆకలేసింది.

ఇక రోజూ పంపుతాను. నువ్వు నవ్వుతూ ఉండు.

నీ ఆస్థాన కవి


అశోక్‌నగర్
జూలై 9

మామా,

ఈ ఉత్తరం చాలా కోపంగా రాస్తున్నాను. క్యారియర్ తెరవకుండానే రాసి మంజులతో పంపుతున్నాను.

నిన్న కోచింగ్ సెంటర్లో పెద్ద మోడల్ టెస్ట్ జరిగింది. మూసీ ఏ నదిలో కలుస్తుంది అని ఒక ప్రశ్న. నాలుగో తరగతి పిల్లలు కూడా కృష్ణ అని చెప్పే ప్రశ్న. నాకు తెలియదా? వాడపల్లి దగ్గర కలుస్తుందని కూడా తెలుసు. కానీ చదవగానే నాగోలు దాటింది, నాలుగూళ్ళ చాటింది, చెయ్యి దానంతటదే వెళ్ళి గోదావరి దగ్గర గుండ్రం దిద్దేసింది. మళ్ళీ చూసుకోలేదు. తెలిసినదాన్ని ఎవరు చూసుకుంటారు?

నేనొక్కదాన్నే కాదు. మా హాస్టల్ నుంచి వెళ్ళిన పదకొండు మందీ గోదావరే పెట్టారు. మిగతా సెంటర్లో ఒక్కరు కూడా పెట్టలేదు. భూగోళం చెప్పే రాజీవ్ సార్ ఇవాళ మమ్మల్ని నిలబెట్టాడు. "గింత అల్కటి ప్రశ్నకు పదకొండు మందికి ఒకటే తప్పు ఎట్లొస్తది? కాపీ గాకుంటే ఏంది?" అన్నాడు. రేపటికల్లా నిజం చెప్పకపోతే అందరినీ టెస్టుల్లోంచి తీసేసి ఇళ్ళకు ఫోన్ చేస్తాడట.

బాపు ఈ మాట వింటే ఏమవుతుందో నీకు తెలుసు. పరీక్షదాకా ఆగడు. రేపే వచ్చి నా పెట్టె సర్దిస్తాడు. కాపీ కొట్టిన పిల్లగా నేను ఇంటికి వెళ్ళాలా?

నీకు తెలియక రాశావా? తెలిసే రాశావా?

స్వరూప


చిక్కడపల్లి
జూలై 9, సాయంత్రం

స్వరూపా,

తెలిసే రాశాను. కృష్ణకు ప్రాస దొరకలేదు. తృష్ణ అని ఒకటుంది, మూసమ్మకు అది నప్పలేదు. గోదారి అయితే దారికి చక్కగా కుదిరింది. కుదిరిందని సంతోషపడ్డానే కానీ, నువ్వు దాన్ని కంఠతా పడతావని అనుకోలేదు.

నువ్వు పాఠాలడిగితే ఆటకు అడుగుతున్నావనుకున్నాను, బిడ్డా. పరీక్షకు మీ దగ్గర ఇంతెత్తు పుస్తకాలున్నాయి, మధ్యలో నా పద్యం ఎందుకు? నిన్ను నవ్వించాలన్నదే నా తాపత్రయం. నదులన్నీ తిన్నగా పారే పద్యానికి ఎవరు నవ్వుతారు? నువ్వేమో నేను నవ్వడానికి పంపినవన్నీ కింద గీత గీసి చదివావు. నేను పాఠం చెప్పలేదు, నువ్వు నవ్వలేదు, ఇద్దరం మాత్రం పనయిపోతోందని మురిసిపోయాం.

రేపు పొద్దున్నే నారాయణగూడ వచ్చి మీ సార్‌ను కలుస్తాను. గోడ మీది కాగితాలన్నీ తెచ్చుకో. తప్పు నాదని ఆయన ముందు చెబుతాను. బావకు ఫోన్ వెళ్ళే పనైతే ముందు నేనే చేస్తాను.

ఈ పూట అన్నం మాత్రం తిను.

జగదీశ్వర్


అశోక్‌నగర్
జూలై 11

మామా,

నిన్న నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని కింద మెట్ల మీద కూర్చున్నావని, జేబులోంచి కాగితం తీసి చూసుకుంటూ ఏదో వల్లె వేస్తున్నావని మంజుల చెప్పింది. నిన్ను పైకి పిలవకముందే కథ ముగిసిపోయింది. చెబుతాను విను.

సార్ మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. బయట ఉన్నవాళ్ళకు వినబడకుండా తలుపు వేశాడు. "మూసీ గోదావరిల కలుస్తదని నీకెవరు చెప్పిండ్రు?" అని అడిగాడు. మొదట వెళ్ళింది మంజుల. అనంతగిరి కొండల్లోని మూసమ్మ అని మొదలుపెట్టి ఐదు పాదాలూ చెప్పింది. ఆ తర్వాతి అమ్మాయి కూడా అదే చెప్పింది. మూడో అమ్మాయి భయపడి రాగం తీసి పాడిందట. నా వంతు వచ్చేసరికి సార్ చేతిలో పెన్నుతో బల్ల మీద తాళం వేస్తున్నాడు. నేను నాలుగూళ్ళ చాటింది అని ఆగాను. "ఇక నన్ను వెతకొద్దు, నా ఇల్లు గోదారి" అని ఆయనే అందుకున్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

తర్వాత క్లాసుకు వచ్చి బోర్డు మీద కృష్ణ ఉపనదులు రాస్తానని చెప్పి, పైన పెద్ద అక్షరాలతో గోదావరి అని రాశాడు. క్లాసంతా గొల్లుమంది. ఆయన వెనక్కి తిరిగి బోర్డు చూసుకుని, "మీ హాస్టలోల్ల రోగం నాకు గూడ అంటింది" అని తుడిచేశాడు. టెస్టుల్లోంచి తీయడు. ఫోన్ కూడా చేయడు. ఆ పద్యం రాసినాయన కింద కూర్చున్నాడని మంజుల చెబితే, కలవనన్నాడు. కలిస్తే ఇంకొకటి వినాల్సి వస్తుందట.

బతికిపోయాం. అయినా మామా, పరీక్ష అయ్యేదాకా పద్యాలు వద్దు. గోడ మీదివన్నీ చింపేశాం. నిన్ను బాధ పెట్టాలని కాదు.

స్వరూప


చిక్కడపల్లి
జూలై 12

స్వరూపకు,

పై గిన్నెలో పప్పు, కింది గిన్నెలో అన్నం.

జగదీశ్వర్


అశోక్‌నగర్
ఆగస్టు 2

మామా,

మూడు వారాల నుంచి నీ ఉత్తరాల్లో పప్పు, అన్నం, పెరుగు తప్ప ఏమీ ఉండటం లేదు. పద్యాలు వద్దన్నాను కానీ మాట్లాడొద్దనలేదు. కోపమా? నాకు కోపం లేదని ఎన్నిసార్లు రాయాలి?

పరీక్ష ఎల్లుండి. భయంగా ఉంది. నిన్న రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఎందుకో పోచయ్య గుర్తొచ్చాడు. కలలో వాన పడుతుందని గొడుగు వేసుకున్నాడని ఇన్నాళ్ళకు నాకు అర్థమైంది. ఎంత నవ్వానంటే మంజుల లేచి లైటు వేసింది. నవ్వి నవ్వి ఏడ్చాను కూడా. తర్వాత నిద్ర పట్టింది.

ఇది చెబుదామని రాశాను.

స్వరూప


చిక్కడపల్లి
అక్టోబర్ 19

చిరంజీవి సౌభాగ్యవతి స్వరూపకు,

ఫలితాలు చూశాను. నీ నంబరు లేదు. మా ఇంటికి కూడా రాకుండా నువ్వు హాస్టల్ ఖాళీ చేసి మీ ఊరు దుబ్బాక వెళ్ళిపోయావని మంజుల చెప్పింది. తన నంబరు ఉందని చెప్పడానికి ఆ పిల్ల పాపం చాలా సిగ్గుపడింది. పరీక్ష కాగానే బీరువాలోంచి ఫోను తీసుకెళ్ళావు కానీ, చేస్తే నువ్వెత్తడం లేదు. అందుకని ఈసారి పోస్టులో వేస్తున్నాను.

జయాపజయాలు జీవితంలో సహజం. ప్రయత్నించడం మన చేతిలో ఉంది. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. అమ్మానాన్నలకు ధైర్యం చెప్పు. ఇది పరాచికాలకు సమయం కాదు కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను.

ఆశీస్సులతో
నీ మేనమామ
జగదీశ్వర్


దుబ్బాక
అక్టోబర్ 27

మామకు స్వరూప దండాలు.

నీ ఉత్తరం చదివి హడలిపోయాను. జయాపజయాలా? చిరంజీవి సౌభాగ్యవతా? నన్ను ఒక్క మాట కూడా ఎగతాళి చేయకుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరమిది. మామకు ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకు చూపించాలని అమ్మ అంటోంది. అత్తమ్మను అడుగు, నిజంగానే బాగున్నావా?

ఫోన్ ఎత్తనిది నీ మీద కోపంతో కాదు. ఫలితాలు వచ్చాయని నిన్నటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సెలవులకు వచ్చానని అబద్ధం చెప్పాను. బాపు ఊళ్ళో మా గిర్నిలో పిండి పడుతూ, వచ్చినవాళ్ళందరితో "మా బిడ్డ ఈసారి గట్టిగ రాసింది" అంటూ వచ్చాడు. అది వింటూ వారం రోజులు అన్నం తిన్నాను. చెబుదామని ఎన్నోసార్లు వెళ్ళాను. రాలేదు బాపూ అనే రెండు ముక్కలు నోట్లోంచి బయటికి రావు.

నిన్న మధ్యాహ్నం బాపుకు అన్నం తీసుకుని గిర్నికి వెళ్ళాను. ఎవరూ లేరు, మిషను మాత్రం నడుస్తోంది. ఆ చప్పుడులో నాకు ధైర్యం వచ్చింది. మామూలుగా చెప్పలేనని తెలుసు, అందుకని వారం నుంచి మనసులో కట్టుకున్నది గట్టిగా చెప్పేశాను.

అశోక్‌నగర్ల ఒక పిల్ల, నిద్రంటే చేదు,
ఆమె చదవని పుస్తకం ఆడ ఒక్కటి లేదు,
    జాబితా పెట్టిండ్రు,
    జనమంత చుట్టిండ్రు,
అందరి నంబరుంది, ఆ పిల్లది లేదు.

బాపుకు సగం వినబడింది, నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాచి మిషను ఆపేశాడు. దాని బెల్టు పట్టా తిరిగి తిరిగి ఆగింది. అంత నిశ్శబ్దం ఆ గిర్నిలో నేనెప్పుడూ వినలేదు.

"మల్ల చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఐదో పాదం సరిగ్గా రాలేదు.

"ఆ పిల్ల ఎవ్వలు బిడ్డా?"

"నేనే బాపు."

బాపు మీసాల మీద పిండి తుడుచుకున్నాడు. క్యారియర్ విప్పి నాకో ముద్ద కలిపి పెట్టాడు, తనో ముద్ద తిన్నాడు. నేను ఏడుస్తుంటే చూసి, "ఏడ్వకు. ఇంత ముచ్చట మంచిగ కట్టినవ్, ఏడుస్తవేంది?" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుతూ అడిగాడు.

"ఇంకోసారి పరీక్ష రాస్తె, గా ఆఖరి ముచ్చట మారుతదా?"

"తెల్వది బాపు" అన్నాను.

"నాకు గూడ తెల్వది. పోయి చూడు మరి" అని మిషను మళ్ళీ వేశాడు.

సోమవారం బస్సుకు వస్తున్నాను మామా.

స్వరూప